వస్తాదుగారి వ్యాకరణం

మా వీధి చివర ఇస్త్రీబండి పెట్టుకున్న అప్పారావు మీద నాకున్న ఫిర్యాదు చాలా చిన్నది. అతను ఏడాదికి రెండు చొక్కాలు కాలుస్తాడు. అంతకు మించి కాల్చడు. ఆ విషయంలో నిగ్రహం ఉన్నవాడే. మొన్న ఉదయం అతనిచ్చిన చొక్కా మడత విప్పగానే కమురు వాసన గుప్పుమంది. వీపు మీద, సరిగ్గా నడిమధ్య, ఇస్త్రీపెట్టె మూతి ఆకారంలో గోధుమరంగు మచ్చ. చొక్కా పట్టుకుని బండి దగ్గరికి వెళ్ళాను. అప్పారావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కాలిపోయిందండి" అన్నాడు. చొక్కా తనంతట తాను ఒక నిశ్చయానికి వచ్చి కాలిపోయినట్టూ, పక్కనే ఉండి కూడా ఆపలేకపోయినందుకు తనకు విచారంగా ఉన్నట్టూ అన్నాడు.

"ఎవరు కాల్చారు?" అన్నాను.

అప్పారావు నిజంగానే చుట్టూ చూశాడు, ఎవరైనా దొరుకుతారేమోనని. నేనూ కొంచెం ఉలిక్కిపడ్డాను. మాట నా నోట్లోంచే వచ్చింది గాని, గొంతు నాది కాదు. ఇంటికి వచ్చి ఆ చొక్కానే తొడుక్కున్నాను. ఒంటరిగా ఉండేవాడి వీపు చూసేవాళ్ళు తక్కువ. ఆ కమురు వాసనలోనే కూర్చుని, ఆ గొంతు గలాయన గురించి, ఆయన్ను ఎన్నడూ చూడని మీకోసం ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆయన పేరు ఖాసిం సాహెబు. ఏలూరులో అందరూ వస్తాదుగారనేవారు. కుస్తీ నేర్పే గురువును అలాగే పిలిచేవారు. తమ్మిలేరు గట్టు కింద ఆయనకొక తాలింఖానా ఉండేది. పేరు విని మరీ ఊహించుకోకండి. అదొక తాటాకుల పాక. అందులో ఒక పక్క మోకాలి లోతున ఎర్రమట్టి పోసిన గోదా, ఇంకో పక్క తివాచీ మగ్గం. వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. తాత నేశాడు, తండ్రి నేశాడు. ఈయన పొద్దున్న మనుషుల్ని మట్టిలో పడేసి, మధ్యాహ్నం ఉన్నితో ముళ్ళు వేసేవారు. మనిషి పెద్ద ఎత్తు కాదు. కుస్తీల్లో నలిగి నలిగి రెండు చెవులూ ఎండు ఉసిరికాయల్లా అయ్యాయి. భార్య ఎప్పుడో పోయింది. పిల్లలు లేరు. ఆ పాకలోనే వండుకునేవారు, ఆ పాకలోనే పడుకునేవారు. "ఒక్కరికీ తోచుతుందా అండీ?" అని ఒకసారి అడిగితే, "మగ్గం ఉందిగా" అన్నారు. అప్పట్లో అది నాకు జవాబులా వినిపించలేదు. ఇప్పుడు మగ్గం లేకుండా అదే ప్రశ్నకు నేనూ జవాబు వెతుక్కుంటున్నాను.

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో నేను బందరులో బి.ఏ. ప్యాసై దెందులూరు తిరిగొచ్చాను. మాది వరి పండించే కుటుంబం. ఆ ఏడు ధాన్యం ధర పడింది. బి.ఏ. ధర అంతకంటే ముందే పడి, ధాన్యం కోసం కింద ఎదురుచూస్తోంది. రెండేళ్ళపాటు దొరికిన ప్రతి ఆఫీసుకూ అర్జీలు పెట్టాను. ఏ ఆఫీసూ నన్ను తొందరపెట్టలేదు. హాస్టలు తిండి వల్లనో, పని లేకపోవడం వల్లనో ఒళ్ళు మాత్రం బాగా వచ్చింది. అర్జీ వేయడానికి ఏలూరు పోస్టాఫీసుకు వెళ్ళినప్పుడల్లా తాలింఖానా ముందు నిలబడి చూసేవాణ్ణి. మూడోసారి నిలబడినప్పుడు వస్తాదుగారు బయటికొచ్చి, "చూడ్డానికి ఊరికే రానిస్తాం గాని బాబూ, చూస్తూ చూస్తూ ఆ మట్టి తవ్వుదూ" అని పార ఇచ్చారు. తవ్వాను. నా బి.ఏ.కి దొరికిన మొదటి పని అది.

మేము సరదాకు కుస్తీ పట్టేవాళ్ళం కాదు. అదే మా బతుకుతెరువు. వస్తాదుగారు మా నలుగురు కుర్రాళ్ళనూ వెంటబెట్టుకుని తీర్థాలకూ, జమీందార్ల లోగిళ్ళకూ, డేరా వేసి టిక్కెట్లు పెట్టే చోట్లకూ తిప్పేవారు. కరపత్రాల మీద నా పేరు 'బి.ఏ. పహిల్వాన్' అని వేసేవారు. జనం బాగా వచ్చేవారు. నేను గెలుస్తానని కాదు. ఒక బి.ఏ. వెల్లకిలా పడితే ఎలా ఉంటుందో చూడాలని. మెట్రిక్యులేషను తప్పినవాళ్ళు ముందు బెంచీల్లో కూర్చునేవారు. వాళ్ళను నేను ఎన్నడూ నిరాశపరచలేదు.

మొదటి వారంలోనే నా చదువుకీ ఆయన చదువుకీ తగువొచ్చింది. గోదాలో బోర్లాపడి లేచి, మట్టి దులుపుకుంటూ, "కాలు జారిందండి" అన్నాను.

"ఎవరి కాలు?"

"నాదేనండి."

"నీదైతే నీకు చెప్పకుండా ఎలా జారింది? జార్చిందెవరు?"

నేను బి.ఏ.ని. ఊరుకోలేదు. "జారడం అకర్మక క్రియండీ వస్తాదుగారూ. దాని పని అదే చేసుకుంటుంది. మధ్యలో ఇంకొకడు అక్కర్లేదు" అని వివరించాను.

ఆయన శ్రద్ధగా విన్నారు. "మీ కాలేజీలో దాన్ని అలా అంటారా? ఇక్కడ మేం దొంగ క్రియ అంటాం" అన్నారు.

అప్పుడే మొదటిసారి గమనించాను, మన తెలుగు చాలా దయగల భాష అని. తప్పు చేసినవాణ్ణి చెయ్యి పట్టుకుని వాక్యంలోంచి మెల్లగా బయటికి పంపించేస్తుంది. గ్లాసు పగిలిందంటాం. ఆలస్యం అయిందంటాం. నోరు జారిందంటాం. పగలగొట్టినవాడూ, ఆలస్యం చేసినవాడూ, జార్చినవాడూ ఎక్కడో చెట్టు నీడన హాయిగా కూర్చుని ఉంటారు. వస్తాదుగారికి ఈ దయ గిట్టేది కాదు. ఆయనకు అక్షరం రాదు, సంతకం బదులు వేలిముద్ర వేసేవారు. అయినా మేము ఏ వాక్యం అన్నా అందులో కర్త ఎక్కడ దాక్కున్నాడో వెతికి, జుట్టు పట్టి ముందుకు లాగేవారు. 'పోవడం' మీద మరీ పగ. ఓడినవాడు వచ్చి "ఓడిపోయానండి" అంటే, "పోవడం ఎక్కడికిరా? ఇక్కడే ఉన్నావుగా, ఆకాశం చూస్తూ! ఓడాను అను" అనేవారు. వాడు ఓడాను అనేదాకా మంచినీళ్ళు ఇచ్చేవారు కాదు.

గెలిస్తే మాత్రం వ్యాకరణం తిరగబడేది. "గెలిచాను" అనకూడదు. "గెలుపొచ్చింది" అనాలి. ఇదేం న్యాయమని నేను అడిగాను. "ఓటమికి కర్త కావాలి, గెలుపుకి అక్కర్లేదా అండీ?"

"గెలుపుకి కర్తలు వాళ్ళే వస్తారు బాబూ. వాడి మేనమామ వస్తాడు, పాలు పోసినవాడు వస్తాడు, జమీందారుగారి బావమరిది వస్తాడు. ఓటమికే మనిషి దొరకడు. అందుకని ముందే ఒకణ్ణి కుదుర్చుకోవాలి."

ఇదంతా ఆయన తమాషాకు చేశారనుకునేరు. కాదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం మగ్గం ముందు కూర్చుని ఆయనే చెప్పారు. "పాతికేళ్ళ లోపు కుర్రాడికి జనం చప్పట్లు కొడతారు, దొరలు శాలువా కప్పుతారు. ఆ రెండూ ఉన్నన్నాళ్ళూ వాడి తప్పు వాడితో ఎవరూ అనరు. ముప్పై దాటాక ఒళ్ళు మాట వినదు. అప్పటికి వాడికొచ్చిన మాట ఒక్కటే, 'నాకు అన్యాయం జరిగిపోయింది' అని. నా ఈడువాళ్ళు, నాతో గోదాలో దిగినవాళ్ళు ఆరుగురు ఆ మాటే అనుకుంటూ సారా కొట్ల దగ్గర పోయారు. మంచి పహిల్వాన్లు. నాకంటే మంచివాళ్ళు." అందుకే తన దగ్గరున్న ప్రతివాడూ మధ్యాహ్నాలు మగ్గం మీద కూర్చుని రెండో పని నేర్చుకోవాలని పట్టు. ఎవరి గోచీ వాళ్ళే ఉతుక్కోవాలి. ఎవరి ఇంటికి చెడ్డ కబురు చెప్పవలసి వచ్చినా, చేసినవాడే నడిచి వెళ్ళి చెప్పాలి. "మంచి కబురు టపాలో వేసినా పరవాలేదు. చెడ్డ కబురు కాళ్ళ మీద వెళ్ళాలి" అనేవారు.

మగ్గం మీద నేనొక మహా ఘనకార్యం చేశాను. ఒక ముడికి రంగు తప్పించి, ఆ సంగతి నాలుగు వేళ్ళ మేర నేసిన తరవాత గాని చూసుకోలేదు. ఆరోజు వస్తాదుగారు వ్యాకరణం అడగలేదు. నా పక్కన కూర్చుని, కింది వరస దాకా ఒక్కొక్క ముడీ విప్పడం మొదలుపెట్టారు. నేను వేసిన ముళ్ళు, ఆయన వేళ్ళు. సాయంత్రం దాకా విప్పాం. ఆ పూటంతా నేను ఆలోచించింది ఒకటే: 'ముడి తప్పింది' అనాలా, 'ముడి తప్పించాను' అనాలా అని. సరైన వాక్యం సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన అడగకపోయేసరికి పరీక్షలో వచ్చిన ప్రశ్న రద్దైనట్టు కొంచెం నిరాశ కూడా కలిగింది.

నాకు జోడీగా దిగేవాడు పెంటయ్య. కొల్లేటి లంకల్లో ఒకదానివాడు. ముందు పుట్టిన ఇద్దరూ దక్కకపోతే వీడైనా దక్కాలని ఆ పేరు పెట్టారు. దక్కడమే కాదు, తాటిమొద్దులా ఎదిగాడు. తండ్రి లేడు, తల్లి ఒక్కతే. పదేళ్ళప్పటినుంచీ దోనె మీద నిలబడి గెడ వేసినవాడు కాబట్టి వాడి కుడిచెయ్యి పట్టుకోవడమంటే వంతెన రాట పట్టుకోవడమే. ఇరవై ఏళ్ళు ఉంటాయి. నన్ను ఎన్నిసార్లు పడేసినా లేవదీసి, వీపు దులిపి, "దెబ్బ తగిలిందాండీ బి.ఏ.గారూ?" అని అడిగేవాడు. రైల్లో వెళ్తుంటే ఒకసారి, "బి.ఏ. అంటే ఎంత బరువుంటదండి?" అన్నాడు. "మోసేవాణ్ణి బట్టి ఉంటుందయ్యా" అన్నాను. "మీకు తేలిగ్గానే ఉన్నట్టుందండి, ఎప్పుడూ మొయ్యటం చూళ్ళేదు" అన్నాడు. వాడు జోక్ వేశాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజుల్లో నాకున్న స్నేహితుడు వాడొక్కడే. తరవాతి రోజుల్లో ఆ లెక్క పెరగలేదు.

తాడేపల్లిగూడెంలో రైలుస్టేషను అవతల ఖాళీ జాగాలో డేరా వేశారు. సంత రోజు. సాయంత్రం నాలుగింటికి మా జోడీ దిగింది. అంతకు ముందు ఇరవైసార్లు దిగాం, ఇరవైసార్లూ జనం నవ్వారు. ఆరోజు ఎలాగో పెంటయ్య కుడిచెయ్యి నా పట్టులో చిక్కింది. వాడు బోర్లా, నేను వాడి మీద. డేరాలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా "బి.ఏ.! బి.ఏ.!" అని అరిచారు. యూనివర్సిటీ నాకు ఆ డిగ్రీ ఇచ్చిననాడు కూడా అంత గట్టిగా ఎవరూ అనలేదు.

మా గోదాలో ఒక కట్టుబాటు ఉంది. కింద పడ్డవాడు అరచేత్తో నేలమీద తడితే పైనున్నవాడు వెంటనే వదలాలి. పెంటయ్య ఎడం చేత్తో తట్టాడు. అరుపుల్లో అది వినపడలేదని తరవాత చాలాసార్లు చెప్పుకోబోయాను. కాని నా మోకాలు ఆ మట్టి మీదే ఉంది. ఆ తట్టు మోకాలికి కూడా తెలిసింది. రెండోసారి తట్టాడు. వదల్లేదు. ఎంతసేపు అంటే, ఒక మనిషి తన పేరూ ఇంటిపేరూ కలిపి చెప్పేంతసేపు. వాడి మోచేతి దగ్గర ఎండు తాటిమట్ట విరిచినట్టు చప్పుడైంది. దానికి చప్పట్లు ఇంకా ఎక్కువ వచ్చాయి.

వస్తాదుగారు అప్పటికే గోదాలోకి దూకారు. తలగుడ్డ విప్పి, చింపి, ఆ చేతికి కట్టు కడుతున్నారు. నేను దగ్గరికి వెళ్ళి, "చెయ్యి విరిగిందండి" అన్నాను.

'ఎవరు?' అని అడుగుతారని నిలబడ్డాను. రెండేళ్ళుగా గ్లాసులకూ, చెంబులకూ, జారిన కాళ్ళకూ అడిగిన మనిషి ఆరోజు అడగలేదు. నా వైపు కూడా చూడలేదు. కట్టు కట్టుకుంటూ ఉన్నారు. తిరుగు రైల్లో మాట్లాడినవాడు పెంటయ్య ఒక్కడే. కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, పెదాలు బిగబట్టి, నన్ను ఓదార్చాడు. "బాధపడకండి బి.ఏ.గారూ. మంచి పట్టు దొరికిందండి మీకు. నేనైనా వదిలేవోణ్ణి కాదేమో." వాడు వదిలేవాడు. అంతకు ముందు ఇరవైసార్లు వదిలాడు.

ఎముకలు కట్టే ఆయన వచ్చి చూసి, చెయ్యి అతుక్కుంటుంది గాని మోచెయ్యి ఇక తిన్నగా రాకపోవచ్చునన్నాడు. అంటే కుస్తీ లేదు, గెడ వేయడమూ లేదు. మూడోరోజు పొద్దున్న వస్తాదుగారు మట్టి తడుపుతూ, ఎవరితోనో అన్నట్టుగా, "లంకలో వాడి తల్లికి కబురు చెప్పాలి" అన్నారు.

"ఉత్తరం రాస్తానండి" అన్నాను.

రాశాను. ఆ పూట నా చదువంతా అందులో పెట్టాను. సాయంత్రం ఆయన చదివి వినిపించమన్నారు. 'మీ కుమారుడు చిరంజీవి పెంటయ్యయొక్క దక్షిణ బాహువు దైవవశమున భగ్నమైనదని తెలియజేయుటకు మిక్కిలి చింతించుచున్నాను' అని మొదలవుతుంది. మిగతాది ఇంకా బాగుంటుంది. ఆయన కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

"ఇందులో దేవుడున్నాడు. బాహువుంది. చింత కూడా ఉంది. నువ్వెక్కడున్నావు?"

"సంతకంలో ఉన్నానండి."

నవ్వారు. నేను ఆయన్ను నవ్వించడం అదే చివరిసారి. నవ్వి, కాగితం నా చేతిలోంచి తీసుకుని, మడిచి, తిరిగి నా చొక్కా జేబులోనే పెట్టారు. "ఆ లంకలో చదవడం వచ్చినవాడు లేడు. ఎవడో బయటినుంచి వచ్చి చదివేదాకా ఆ తల్లి దీన్ని పట్టుకుని తిరగాలా? టపాలో వెయ్యకు. నేనెవర్నీ గోదాలోకి తొయ్యను బాబూ. దిగాలనిపించిన రోజున దిగు."

సరిగ్గా ఆ వారమే మద్రాసులో గుమాస్తా ఉద్యోగానికి పిలుపొచ్చింది. రెండేళ్ళు రాని జవాబు, నాకు ఊరు విడవవలసిన అవసరం పడిన వారానికి వచ్చింది. సర్కారు అంత వేళకు పనిచేయడం నేను మళ్ళీ చూడలేదు. సెలవు తీసుకోవడానికి వెళ్తే వస్తాదుగారు మగ్గం మీద ఉన్నారు. పాక మూల పెంటయ్య నిద్రపోతున్నాడు, వెదురు దబ్బలు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని.

"రైలెప్పుడు?" అన్నారు.

"మధ్యాహ్నమండి."

"లంకకి దోనె పొద్దున్నే ఉంటుంది" అన్నారు, ముడి వేస్తూనే.

నేను మధ్యాహ్నం రైలెక్కాను.

మద్రాసులో నేను చేసిన ఉద్యోగం గురించి చెప్పుకోదగ్గది ఒకటే. అక్కడ తప్పులు ఎవరూ చెయ్యరు. తప్పులు జరుగుతాయి, కాగితాలు కనపడకుండా పోతాయి, పొరపాట్లు గమనింపబడతాయి, విచారం వ్యక్తం చేయబడుతుంది. అలాంటి వాక్యాలు రాయడంలో నాకు మంచి పేరొచ్చింది, తొందరగా పైకొచ్చాను. సాయంత్రాలు సముద్రం దాకా నడిచి, కాసేపు నిలబడి, గదికి వచ్చేవాణ్ణి. అడిగినవాళ్ళకి 'పెళ్ళి కాలేదు' అని చెప్పేవాణ్ణి. చేసుకోలేదు అనడానికి గదిలో ఒక్కణ్ణీ ఉన్నప్పుడు కూడా ధైర్యం చాలేది కాదు. వస్తాదుగారికి ఏడాదికొక కార్డు రాసేవాణ్ణి. ఎవరిచేతనో రాయించి జవాబిచ్చేవారు. ప్రతిసారీ అవే రెండు ముక్కలు. 'క్షేమం. మట్టి తడిపాం.' పెంటయ్య సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. వాడి తల్లికి రాసిన ఆ ఉత్తరం నా పెట్టె అడుగున, డిగ్రీ కాగితం పక్కనే ఉండేది. రెండూ ఒకే రకం కాగితాలని అప్పటికి నాకు తెలియసాగింది.

నాలుగేళ్ళు గడిచాయి. నేను గడిపాను అనాలి కాబోలు. ఒకరోజు దెందులూరునుంచి మా నాన్నగారి ఉత్తరం వచ్చింది. కోతలయ్యాయట, నల్లగేదె ఈనిందట, తమ్ముడికి జలుబట, ఏలూరులో మీ కుస్తీ సాయిబు పోయాడట. అదే వరసలో, అంతే సిరాతో. మూడు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను. తాలింఖానాలో మట్టి ఎండి, నెర్రెలు విచ్చింది. మగ్గం మీద సగం నేసిన తివాచీ అలాగే ఉంది. ఏడవాలని కూర్చున్నాను గాని, ఏడుపు రాలేదు. దానికి కూడా కర్తను నేనే అయి ఉంటాను. మర్నాడు పొద్దున్నే లంకకు వెళ్ళే దోనె ఎక్కాను.

శీతాకాలం. కొల్లేరు నిండుగా ఉంది. కనుచూపు మేర నీళ్ళూ, తుంగా, ఆ తుంగలో మనుషుల కంటే నిబ్బరంగా నిలబడ్డ కొంగలూ. దారి పొడుగునా నా వాక్యం నేను వల్లిస్తూ ఉన్నాను. దైవం లేదు, బాహువు లేదు. కర్త, కర్మ, క్రియ. అంతే.

లంక మీద నీటి ఒడ్డునే వాళ్ళ గుడిసె. పెంటయ్య గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్నాడు. నన్ను చూసి లేచాడు. మనిషి పలచబడ్డాడు గాని నవ్వు అదే. "రండి రండి బి.ఏ.గారూ! అమ్మా, బి.ఏ.గారే!" అని కేక పెట్టాడు. వాళ్ళమ్మ మంగమ్మ ఒడ్డున రాయి మీద కూర్చుని, బూడిద అద్ది కొర్రమేను శుభ్రం చేస్తోంది. ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"చెయ్యి ఎలా ఉందయ్యా?" అన్నాను.

పెంటయ్య చాపి చూపించాడు. పూర్తిగా తిన్నగా రాలేదు. వంగడం మాత్రం బాగానే వంగింది. "ఇంతవరకూ వస్తందండి. మొదట్లో కర్రలా ఉండేది. వస్తాదుగారి చలవేనండి. వారం వారం వచ్చేవారు కదండీ."

"ఇక్కడికా?"

"మరెక్కడికండి? మీకు తెలీదాండీ? నూనె కాచి సీసాలో పోసుకుని పొద్దున్న దోనెలో వచ్చేవారు. గంటసేపు ఈ చెయ్యి పట్టుకుని రాసేవారు, వంచేవారు, చాపేవారు. నేను అరుస్తా ఉంటే తిట్టేవారు. మా అమ్మ పెట్టిన మజ్జిగన్నం తిని పొద్దోయేలోపు వెళ్ళిపోయేవారు. నాలుగేళ్ళండి. వానల్లో కూడా. కిందటి నెల రాకపోయేసరికే మా అమ్మ అంది, ఇంక లేరేమో అని." వాడు గొంతు తగ్గించాడు. "మొట్టమొదటిరోజు వచ్చి మా అమ్మ ఎదురుగా నేలమీద కూర్చుని, 'నేనే విరగ్గొట్టానమ్మా' అన్నారండి. అమ్మ నమ్మలేదనుకోండి."

నేను మంగమ్మ దగ్గరికి నడిచి వెళ్ళాను. కూర్చోమని ఆమె అనలేదు. కూర్చోవడానికి చోటూ లేదు. నిలబడే చెప్పాను.

"అమ్మా, మీవాడి చెయ్యి విరగ్గొట్టింది నేను. వదలమని నేల తట్టాడు. నాకు తెలిసింది. నేను వదల్లేదు."

నా జన్మలో నేను చెప్పిన మంచి తెలుగు అదే. అందులో ఎక్కడా దాక్కోవడానికి చోటు లేదు. చెప్పగానే గుండె తేలికపడుతుందని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాను. తేలికపడిందని, ఆ ఒడ్డున, ఒకటి రెండు క్షణాలు నిజంగానే అనుకున్నాను. మంగమ్మ చేప తిప్పి రెండో పక్క బూడిద అద్దింది. ఆ తరవాత ఆమె అన్న మాట ఇన్నేళ్ళుగా నా దగ్గరే ఉంది. ఎవరికి అప్పగించాలో తెలియలేదు.

"తెలుసండి. ఎవరి చేతుల్లో ఉన్నాడో మావాడికి తెలీదా?" అంది, తలెత్తకుండానే. "మీరు చెప్పడానికొచ్చారు బాబుగారూ. ఆయన నూనె రాయడానికొచ్చేవారు."